గవర్నమెంట్ స్పేస్ మిషన్ అనౌన్స్ చేసినప్పుడు వెనకున్న రాజకీయాన్ని ఎలా చదవాలి

ఏ దేశంలో అయినా కొత్త స్పేస్ ప్రోగ్రామ్ ప్రకటించిన రోజు వినిపించే మాటలు దాదాపు ఒకటే, మానవజాతి, విజ్ఞానం, రాబోయే తరాలు, దేశం గర్వపడే క్షణం. ఆ మాటలు అబద్ధాలని నేననను, కానీ వేల కోట్లు పెట్టే నిర్ణయం వాటి వల్ల మాత్రమే జరగదు. నిర్ణయం తీసుకునే వాళ్ళకి వేరే లెక్కలుంటాయి, ఎన్నికలు, పోటీ దేశం, ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు, మిలిటరీ, దౌత్యం. వాటిని మైకులో చెప్పరు గానీ పూర్తిగా దాచడం కూడా కుదరదు, తేదీల్లో, బడ్జెట్ పద్దుల్లో, కాంట్రాక్టుల్లో, ఒప్పందాల్లో కనపడిపోతాయి. ఎక్కడ చూడాలో తెలియాలి అంతే. స్పేస్ అంటే ప్రాణం పెట్టే వాళ్ళు ఇది నేర్చుకోవాలని నాకు గట్టిగా ఉంది, ఎందుకంటే మనకి నచ్చిన మిషన్ ఎందుకు ఆగిపోయిందో, ఇంకోటి ఎంత లేటైనా ఎందుకు ఆగట్లేదో అర్థం కాక బాధపడేది మనమే.

ముందు తేదీ, వేదిక చూడండి

ప్రకటన ఏ రోజు చేశారు, ఎక్కడ నిలబడి చేశారు, ఎప్పటికల్లా పూర్తి చేస్తామన్నారు, ఈ మూడూ ఒక చోట రాసుకోండి. ఇండియానే తీసుకుంటే చంద్రయాన్ గురించి వాజ్‌పేయి చెప్పింది 2003 ఆగస్టు 15న, మంగళయాన్ గురించి మన్మోహన్ సింగ్ చెప్పింది 2012 ఆగస్టు 15న, గగన్‌యాన్ గురించి మోదీ చెప్పింది 2018 ఆగస్టు 15న, మూడూ ఎర్రకోట మీద నుంచే. పార్టీలు వేరు, వేదిక ఒకటే. అంటే ఇక్కడ స్పేస్ ఒక పార్టీ సరుకు కాదు, దేశ ప్రతిష్ఠకి సంబంధించిన విషయం, ఎవరు కుర్చీలో ఉన్నా ఆ క్రెడిట్ కావాల్సిందే. మొదట్లో ఇలా లేదు, చంద్రుడి మీదకీ గ్రహాల మీదకీ వెళ్ళడంలో, మనుషుల్ని పంపడంలో డబ్బున్న దేశాలతో పోటీ పడే ఉద్దేశం మనకి లేదని విక్రమ్ సారాభాయ్ స్పష్టంగా చెప్పారు, ఆయన దృష్టంతా కమ్యూనికేషన్, వాతావరణం, వనరుల సర్వే లాంటి పనుల మీద ఉండేది. 2003 నాటికి ఆ లైన్ మారింది, ఆ మార్పు ఎర్రకోట స్పీచ్‌లో స్పష్టంగా వినపడింది.

గడువు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడండి. గగన్‌యాన్‌కి మొదట చెప్పిన 2022 అంటే స్వాతంత్ర్యానికి 75 ఏళ్ళు. యూఏఈ హోప్ ప్రోబ్ మార్స్ చేరింది 2021 ఫిబ్రవరిలో, ఆ దేశం ఏర్పడి 50 ఏళ్ళు నిండే సంవత్సరం. అమెరికాలో నాసా 2028లో చంద్రుడి మీద దిగుదాం అని ప్లాన్ చేసుకుంటుంటే 2019 మార్చి 26న వైస్ ప్రెసిడెంట్ మైక్ పెన్స్ హంట్స్‌విల్‌లో నిలబడి అయిదేళ్ళలో అంటే 2024లో దిగాలి అన్నాడు, ఆ గవర్నమెంట్ మళ్ళీ గెలిస్తే దాని ఆఖరి సంవత్సరం సరిగ్గా అదే.

అయితే పండగ రోజు ప్రకటించారని ఆ మిషన్ ఉత్తి షో అనుకోకూడదు. అసలు పరీక్ష ఏంటంటే, క్యాలెండర్‌కీ ఇంజినీరింగ్‌కీ పేచీ వచ్చినప్పుడు ఏది తగ్గుతుందో చూడటం. 1964లో అమెరికా ఇద్దరు పట్టే జెమిని కాప్స్యూల్ రెడీ చేసుకుంటోందని సోవియట్ వాళ్ళు ఒకళ్ళే కూర్చునే వోస్తోక్ డిజైన్‌నే మార్చి అందులో ముగ్గుర్ని కుక్కేశారు, దానికే వోస్ఖోద్ అని పేరు. చోటు లేక స్పేస్ సూట్లు తీసేశారు, ఎజెక్షన్ సీట్లు తీసేశారు, గాలి లీకైతే ముగ్గురూ పోవడమే. అదృష్టం బాగుండి అక్టోబర్ 13న క్షేమంగా దిగారు, విచిత్రం ఏంటంటే ఆర్బిట్లో ఉండగా వాళ్ళతో ఫోన్లో మాట్లాడిన సోవియట్ నాయకుడు కృశ్చేవ్‌ని ఆ మర్నాడే పదవిలోంచి దించేశారు. 1967లో అంత అదృష్టం లేదు, మనుషుల్లేకుండా చేసిన కొత్త సోయుజ్ కాప్స్యూల్ టెస్టులు సరిగ్గా సాగకపోయినా కాస్మోనాట్ కొమరోవ్‌ని పంపారు, ఆయన తిరిగి దిగేటప్పుడు పారాచూట్ పనిచేయక చనిపోయాడు. అందుకే గగన్‌యాన్ 2022 దాటిపోయి 2027 దాకా జరిగిందని ఎగతాళి చేసేవాళ్ళని చూస్తే నాకు కోపం వస్తుంది. ముందు క్రూ ఎస్కేప్ టెస్ట్ చేసుకుని, తర్వాత మనుషుల్లేకుండా పంపి చూసుకుని, అప్పుడే మనుషుల్ని ఎక్కిస్తాం అనడం అంటే ఆ గడువు రాజకీయ నాయకుల చేతుల్లోంచి ఇంజినీర్ల చేతుల్లోకి వచ్చిందని అర్థం, డేట్ జరగడం కూడా ఒక్కోసారి మంచి వార్తే.

స్టేజి మీద మాట, గదిలో మాట

దీనికి కెన్నెడీని మించిన ఉదాహరణ లేదు, కొంచెం ఓపిగ్గా చదవండి. 1961 ఏప్రిల్ 12న సోవియట్ కాస్మోనాట్ గగారిన్ మొదటి మనిషిగా స్పేస్‌లోకి వెళ్ళొచ్చాడు. ఏప్రిల్ 17న క్యూబాలో అమెరికా వెనకుండి చేయించిన బే ఆఫ్ పిగ్స్ దాడి మొదలై రెండు మూడు రోజుల్లోనే ఘోరంగా ఫెయిలయింది. ఏప్రిల్ 20న కెన్నెడీ తన వైస్ ప్రెసిడెంట్ జాన్సన్‌కి చిన్న మెమో రాశాడు, అందులో ఉన్నది ప్రశ్నలే, స్పేస్‌లో ల్యాబ్ పెట్టడంలో గానీ చంద్రుడి చుట్టూ తిరిగి రావడంలో గానీ చంద్రుడి మీదకి రాకెట్ పంపడంలో గానీ సోవియట్ వాళ్ళని ఓడించే ఛాన్స్ మనకుందా, జనం ఆశ్చర్యపోయేలా ఉండి మనం గెలవగలిగే ప్రోగ్రామ్ ఇంకేదైనా ఉందా. గమనించండి, చంద్రుడు అందులో ఒక ఆప్షన్ మాత్రమే, కావాల్సింది గెలుపు. మే 25న కాంగ్రెస్ ముందు, అంటే అమెరికా పార్లమెంటు ముందు నిలబడి ఈ దశాబ్దం పూర్తయ్యే లోపు చంద్రుడి మీదకి మనిషి అన్నాడు.

1962 సెప్టెంబర్ 12న రైస్ యూనివర్సిటీ స్పీచ్, కష్టం కాబట్టే చేస్తున్నాం అన్న మాట అందరికీ తెలుసు. దానికి రెండు నెలల తర్వాత, నవంబర్ 21న వైట్ హౌస్‌లో నాసా చీఫ్ జేమ్స్ వెబ్‌తో మీటింగ్ జరిగింది, అది టేప్‌లో రికార్డయింది. వెబ్ ఏమో స్పేస్ గురించి మనకి తెలియని సైన్స్ చాలా ఉంది, మొత్తం ప్రోగ్రామ్ అంతా ముఖ్యమే అని వాదిస్తుంటే కెన్నెడీ ఒప్పుకోలేదు, రష్యన్ల కంటే ముందు చంద్రుడి మీదకి వెళ్ళడమే టాప్ ప్రయారిటీ, లేకపోతే ఇంత డబ్బు ఖర్చు పెట్టకూడదు, నాకు స్పేస్ మీద అంత ఆసక్తి లేదు అని మొహం మీదే చెప్పేశాడు. ఆ తర్వాత ఏడాది కూడా తిరక్కముందే, 1963 సెప్టెంబర్ 20న ఐక్యరాజ్యసమితిలో, చంద్రుడి మీదకి సోవియట్ యూనియన్‌తో కలిసి వెళ్తే ఎలా ఉంటుంది అని అదే మనిషి అడిగాడు. కావాల్సింది రాళ్ళూ మట్టీ అయితే ఇంత మార్పు రాదు, కోల్డ్ వార్‌లో పైచేయి కావాలి, అది పోటీతో వస్తే పోటీ, ఖర్చు తగ్గి వాతావరణం చల్లబడేలా ఉంటే స్నేహం.

మరి ఇప్పటి ప్రభుత్వాల గదుల్లోకి మనం వెళ్ళలేం కదా అంటారా, నిజమే, టేపులు దశాబ్దాల తర్వాత గానీ బయటికి రావు. కానీ పార్లమెంటులో ప్రశ్నలకి రాతపూర్వకంగా ఇచ్చే జవాబులు, కమిటీ హియరింగులు, ఆడిటర్ల రిపోర్టులు వెంటనే దొరుకుతాయి. చప్పట్లు కొట్టేవాళ్ళు లేని చోట, ప్రశ్నకి జవాబు తప్పించుకోలేని చోట ఏం చెప్పారో అది చదవండి, స్పీచ్ పక్కన పెట్టుకుని చదివితే తేడా మీకే తెలుస్తుంది.

తర్వాత డబ్బు

ప్రకటించిన అంకె కాదు, ఏటా బడ్జెట్లో కేటాయించిన అంకె చూడాలి. 1989 జులై 20న, అపోలో 11 దిగి సరిగ్గా 20 ఏళ్ళయిన రోజున, పెద్ద బుష్ మళ్ళీ చంద్రుడు, ఆ తర్వాత మార్స్ అని ఘనంగా ప్రకటించాడు, లెక్క వేస్తే దాదాపు 500 బిలియన్ డాలర్లు తేలింది, కాంగ్రెస్ డబ్బు ఇవ్వలేదు, ఆ ప్లాన్ కాగితాల్లోనే పోయింది. 1966లో నాసా వాటా అమెరికా ఫెడరల్ ఖర్చులో 4 శాతం పైనే, ఇప్పుడు అర శాతం కూడా లేదు. ఆ రోజుల్లో ఉన్న రాజకీయ భయం ఇప్పుడు లేదు, అందుకే ఆ డబ్బూ లేదు, టెక్నాలజీ లేక కాదు.

మొత్తం అంకెతో ఆగకండి, లోపల ఏ పద్దు పెరిగింది ఏ పద్దు తగ్గింది చూడండి, సంగతి అక్కడే తెలుస్తుంది. 2025 మేలో వైట్ హౌస్ పంపిన ప్రతిపాదనలో నాసా సైన్స్‌కి దాదాపు సగం కోత పెట్టి, మనుషుల్ని చంద్రుడికీ మార్స్‌కీ పంపే పద్దు మాత్రం పెంచారు. స్పీచ్‌లో రెండూ అన్వేషణే, బడ్జెట్లో ఒకటి కావాలి ఇంకోటి అక్కర్లేదు. జెండా పాతే మిషన్‌కీ, పదేళ్ళు ఓపిగ్గా డేటా పంపే మిషన్‌కీ రాజకీయంగా ఉన్న తేడా ఇదే.

పని ఎవరి ఊళ్ళో జరుగుతోంది

ఇది చాలామంది వదిలేస్తారు, నా దృష్టిలో మాత్రం ఒక ప్రోగ్రామ్ బతుకుతుందా లేదా అనేది అన్నిటికంటే బాగా చెప్పేది ఇదే. కాంట్రాక్టులు ఏ రాష్ట్రాలకి, ఏ నియోజకవర్గాలకి వెళ్తున్నాయో చూడండి. 1972 జనవరిలో, ఎన్నికల సంవత్సరం మొదట్లో, నిక్సన్ స్పేస్ షటిల్‌కి ఓకే చెప్పాడు, అప్పటికి అపోలో అయిపోవస్తూ ఏరోస్పేస్ ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు ఊడిపోతున్నాయి, కాలిఫోర్నియాలో మరీను. 2010లో ఒబామా ప్రభుత్వం, మనుషుల్ని మళ్ళీ చంద్రుడికి పంపాలన్న కాన్‌స్టెలేషన్ ప్రోగ్రామ్‌ని ఆపేస్తామంటే కాంగ్రెస్ ఒక చట్టమే చేసి ఎస్‌ఎల్‌ఎస్ అనే పెద్ద రాకెట్ కట్టమంది, వీలైనంత వరకు షటిల్ కాంట్రాక్టులు, ఆ పనివాళ్ళు, ఆ సామానే వాడమని అందులోనే రాసింది. అందుకే దాని కింద ఇంజిన్లు షటిల్‌వే, పక్కన బూస్టర్లు షటిల్ నుంచి వచ్చినవే. 2016 చివరికి రెడీ కావాల్సింది 2022 నవంబర్ 16న ఎగిరింది. ఒక్కో లాంచ్‌కి కాప్స్యూల్‌తో కలిపి 4.1 బిలియన్ డాలర్లవుతుందని నాసా సొంత ఇన్‌స్పెక్టర్ జనరలే కాంగ్రెస్‌కి చెప్పాడు. అయినా ఆగలేదు. 2025లో, ఇప్పటి చంద్రుడి ప్రోగ్రామ్ ఆర్టెమిస్‌లో మూడో మిషన్ తర్వాత దీన్ని ఆపేద్దామని వైట్ హౌస్ అంటే, రెండు నెలల్లో కాంగ్రెస్ నాలుగో మిషన్‌కీ అయిదో మిషన్‌కీ డబ్బు పెట్టేసింది. నాసా వాళ్ళే 50 రాష్ట్రాల్లోనూ మా సప్లయర్లు ఉన్నారని గర్వంగా చెప్పుకుంటారు, ఆ వాక్యం ఇన్సూరెన్స్ పాలసీ లాంటిది.

యూరప్‌లో ఇది రూల్‌గానే ఉంది, యూరోపియన్ స్పేస్ ఏజెన్సీకి ఏ దేశం ఎంత డబ్బు కడితే దానికి తగ్గట్టు ఆ దేశం కంపెనీలకి పని ఇవ్వాలి. దీనివల్ల ఖర్చు పెరుగుతుందనే వాదన ఉంది, కానీ అది లేకపోతే చిన్న దేశాలు డబ్బులే కట్టవు.

ఎవర్ని కలుపుకున్నారు, ఎవర్ని బయట పెట్టారు

మిషన్‌లో పార్ట్‌నర్ల లిస్టు ఆ రోజుల్లో ఉన్న విదేశాంగ విధానాన్ని అద్దంలో చూపించినట్టు చూపిస్తుంది. మిత్ర దేశాల వాళ్ళని సోవియట్ రాకెట్లలో తీసుకెళ్ళిన ఇంటర్‌కాస్మోస్ సీట్లు చూడండి, 1978లో మొదటి సీటు చెకోస్లోవేకియా మనిషి రెమెక్‌కి, సోవియట్ ట్యాంకులు ఆ దేశంలోకి వెళ్ళిన పదేళ్ళకి. 1980లో మాస్కో ఒలింపిక్స్ జరుగుతుండగా వియత్నాం ఫామ్ తువాన్. 1988 ఆగస్టులో, సైన్యం అఫ్ఘనిస్థాన్ నుంచి వెనక్కి వస్తున్న టైమ్‌లో అఫ్ఘన్ మనిషి మొహమంద్. 1984లో రాకేశ్ శర్మ వెళ్ళింది ఆ సీట్లలోనే, అప్పుడు ఢిల్లీకి మాస్కో ఎంత దగ్గరో అందరికీ తెలుసు. 2023 జూన్‌లో మోదీ వాషింగ్టన్ వెళ్ళినప్పుడు ఇండియా ఆర్టెమిస్ అకార్డ్స్ మీద, అంటే స్పేస్‌లో ఎలా నడుచుకోవాలో అమెరికా ముందుండి తెచ్చిన ఒప్పందం మీద సంతకం పెట్టింది, స్పేస్ స్టేషన్‌కి కలిసి వెళ్దాం అన్న మాట కూడా ఆ పర్యటనలోనే వచ్చింది, 2025 జూన్‌లో శుభాన్షు శుక్లా వెళ్ళింది అమెరికన్ రాకెట్లో. ఆ ఇద్దరి ధైర్యం, కష్టం వాళ్ళ సొంతం, దాన్ని ఎవరూ తగ్గించలేరు, కానీ సీటు ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే 40 ఏళ్ళలో ఇండియా ఎటు జరిగిందో తెలిసిపోతుంది.

బయట పెట్టడం గురించి అయితే క్రయోజెనిక్ ఇంజిన్ కథ తెలుసుకోవాల్సిందే. 1991లో ఇస్రో రష్యన్ సంస్థ గ్లావ్‌కాస్మోస్‌తో ఒప్పందం చేసుకుంది, ఇంజిన్లతో పాటు టెక్నాలజీ కూడా ఇవ్వాలని. 1992 మేలో అమెరికా, ఇది మిసైల్ టెక్నాలజీ నియంత్రణ ఒప్పందానికి విరుద్ధం అని రెండు సంస్థల మీదా ఆంక్షలు పెట్టింది. ఆ ఇంజిన్‌కి ద్రవ హైడ్రోజన్ నింపాలి, మైనస్ 250 డిగ్రీల కింద ఉంచాలి, యుద్ధానికి సిద్ధంగా నిలబెట్టే మిసైల్‌లో అది పెట్టుకుని కూర్చోవడం ఎవరికీ కుదరదు, పైగా అంతకుముందు అలాంటి ఇంజిన్లు అమ్ముతామని ఒక అమెరికన్ కంపెనీ కూడా వచ్చింది. సరే, అదే సమయంలో అమెరికాలో ఏం జరుగుతోందో చూడండి. 1993 జూన్‌లో ప్రతినిధుల సభలో స్పేస్ స్టేషన్ రద్దు చేద్దామనే ఓటింగ్‌లో 216కి 215, ఒక్క ఓటుతో స్టేషన్ బతికింది. సోవియట్ యూనియన్ కూలిపోయి జీతాల్లేని రష్యన్ రాకెట్ ఇంజినీర్లు వేరే దేశాలకి వెళ్ళిపోతారని వాషింగ్టన్‌కి భయం. జులైలో రష్యా ఇండియాకి టెక్నాలజీ ఇవ్వలేమని చెప్పేసింది, సెప్టెంబర్ 2న అమెరికా రష్యాలు స్పేస్ స్టేషన్లో కలిసి పనిచేస్తామని ఒప్పుకున్నాయి, కమర్షియల్ లాంచ్‌ల మార్కెట్లోకి రష్యాకి దారి కూడా తెరిచారు, డాలర్లూ వెళ్ళాయి. మరుసటి సంవత్సరం అదే సభలో స్టేషన్ వందకి పైగా ఓట్ల మెజారిటీతో నెగ్గింది. ఇండియాకి చివరికి ఏడు ఇంజిన్లు మాత్రం ఇచ్చారు, టెక్నాలజీ ఇవ్వలేదు, సొంత క్రయోజెనిక్ స్టేజితో ఇస్రో రాకెట్ జీఎస్‌ఎల్‌వీ సక్సెస్ అవ్వడానికి 2014 జనవరి 5 దాకా పట్టింది. ఇన్నేళ్ళుగా అందరం మెచ్చుకునే అంతర్జాతీయ సహకారం పుట్టుకలో ఇండియా చెల్లించిన భాగం కూడా ఉంది, ఇది పెద్దగా ఎవరూ చెప్పరు, చెప్పాలి.

ఇంకో వైపు అమెరికా చట్టంలో 2011 నుంచి ఉన్న వోల్ఫ్ సవరణ వల్ల నాసా నేరుగా చైనాతో పనిచేయడానికి వీల్లేదు, చైనా సొంత స్టేషన్ కట్టుకుంది, 2024లో చంద్రుడి అవతలి వైపు నుంచి మట్టి తెచ్చిన చాంగ్-ఇ 6లో ఫ్రాన్స్, ఇటలీ పరికరాలతో పాటు పాకిస్తాన్ చిన్న శాటిలైట్ కూడా వెళ్ళింది. పేలోడ్ లిస్టు చదవడం అంటే ఇదే.

గెలిచాక ఏం చేశారో చూడండి

పాత ప్రోగ్రామ్‌ల మీద ఇది తిరుగులేని పరీక్ష. తెరిష్కోవా 1963లో వెళ్ళింది, మొదటి మహిళ, ప్రపంచమంతా మార్మోగింది. రెండో సోవియట్ మహిళ సవీత్స్‌కయా ఎప్పుడు వెళ్ళింది, 1982లో, 19 ఏళ్ళ తర్వాత, అమెరికా శాలీ రైడ్‌ని పంపడానికి కొన్ని నెలల ముందు. 1984లో మళ్ళీ ఆమే స్పేస్‌వాక్ చేసింది, అమెరికన్ మహిళ కంటే ముందు. అక్కడ కావాల్సింది మొదటి అనే మాట, ఆడవాళ్ళకి అవకాశం కాదు. అపోలో కూడా అంతే, 1969లో దిగారు, 1970లోనే ప్లాన్‌లో ఉన్న వాటిలో మూడు ప్రయాణాలు కోసేశారు, అన్ని ల్యాండింగుల్లో చంద్రుడి మీద నడిచిన 12 మందిలో జియాలజిస్ట్ ఒక్కడే, హారిసన్ ష్మిట్, అదీ ఆఖరి మిషన్‌లో.

మిలిటరీ సంగతి చిన్నగా చెప్తా. స్పుత్నిక్‌ని మోసిన ఆర్-7 అణుబాంబు మోయడానికి చేసిన మిసైల్, షటిల్ కార్గో బే అంత పెద్దగా ఉండటానికి ఎయిర్‌ఫోర్స్ అవసరాలు ఒక కారణం. ఏ రాకెట్ చూసినా ఇది ఇంకెవరికి పనికొస్తుంది అని ఒక ప్రశ్న వేసుకుంటే చాలు.

ఇక ఒక జాగ్రత్త. ఇదంతా చదివాక ప్రతి దాని వెనకా ఒకే ఒక్క కారణం ఉంటుంది, అది చెడ్డదే అయ్యుంటుంది అనుకునే అలవాటు వస్తుంది, అది కూడా తప్పు దారే. అపోలో గెలుపు కోసమే పుట్టినా తెచ్చిన 382 కిలోల రాళ్ళ మీద ఇప్పటికీ రీసెర్చ్ జరుగుతోంది. జూపిటర్ ఉపగ్రహం యూరోపాకి వెళ్తున్న క్లిప్పర్ సంగతి చూడండి, తన నియోజకవర్గ లాభాలతో పెద్దగా సంబంధం లేకుండా టెక్సస్ నుంచి కాంగ్రెస్‌లో ఉన్న జాన్ కల్బర్సన్ అనే ఆయన అక్కడి మంచు కింద జీవం ఉందేమో చూడాలని నిజంగా కోరుకుని, బడ్జెట్ కమిటీలో కూర్చుని నాసా అడిగిన దానికంటే ఎక్కువ డబ్బు ఏటా పెట్టించాడు. ఎస్‌ఎల్‌ఎస్ మీదే పంపాలని చట్టంలో రాయించాడు కూడా, తర్వాత అది తీసేయాల్సి వచ్చింది. 2018లో ఆయన ఎన్నికల్లో ఓడిపోయాడు, 2024 అక్టోబర్ 14న క్లిప్పర్ ఫాల్కన్ హెవీ మీద వెళ్ళిపోయింది. ఒకే మిషన్‌లో నిజమైన కుతూహలం, కమిటీ పవర్, రాకెట్ రాజకీయం మూడూ కలిసున్నాయి, విడదీయలేం.

కాబట్టి ఈసారి ప్రకటన వచ్చినప్పుడు ఒక్కో కారణం పక్కన ఒక్కో ఆధారం రాసుకోండి, ఆధారం దొరకని కారణాన్ని కొట్టేయండి, మీకు ఎంత నచ్చినా సరే. ఏడాది తర్వాత బడ్జెట్ వచ్చినప్పుడు ఆ కాగితం మళ్ళీ తీసి, ప్రభుత్వం మారితే ఇందులో ఏది మిగులుతుంది అని చూడండి. పోటీ దేశం మీద ఆధారపడినది ఆ పోటీ చల్లబడితే పోతుంది, ఒక నాయకుడి పేరు మీద నడిచేది ఆయనతో పోతుంది, చాలా ఊళ్ళలో జీతాలిచ్చేది మాత్రం అంత తేలిగ్గా పోదు. మీకు నచ్చిన సైన్స్ మిషన్ ఈ మూడిట్లో దేన్నీ పట్టుకుని లేకపోతే, దాని గురించి ఇప్పుడే మాట్లాడటం మొదలుపెట్టండి, మీ ఎంపీకి రాయండి, కోత పడ్డాక రాస్తే లేటవుతుంది.